చెడగొట్టి నేర్చుకోనివ్వండి

"ఏందే కోడలా, పిల్ల మిలిటరీల చేరుతదా ఏంది? రాత్రి పొద్దుపొయ్యేదాక కర్నల్ కర్నల్ అనుకుంట కూసుంటది!"

మా అత్తమ్మ ఇలా అడిగిన రోజు నేను నవ్వలేకపోయాను. ఎందుకంటే అదేమిటో నాకూ తెలియదు. బీటెక్ కంప్యూటర్స్ పూర్తిచేసిన మా అమ్మాయి హైదరాబాద్‌లో ఏదో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరిపోతుందని మేమనుకుంటుంటే, తను మాత్రం "కెర్నల్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటా" అని పట్టుబట్టింది. కల్నల్ కాదు, కెర్నల్ అట.

అత్తమ్మ అప్పుడు వసారాలో కూర్చుని పల్లికాయలు ఒలుస్తోంది. మా అమ్మాయి ఒక కాయ తీసుకుని పగలగొట్టి చూపించింది. "ఇగో నానమ్మా, ఈ పైపొట్టు ఉంది చూడు, దీన్ని షెల్ అంటారు. లోపలి పలుకునేమో కెర్నల్ అంటారు. కంప్యూటర్ల గూడ గంతే. మనకు కనపడేది పైపొట్టు. అసలు పని చేసేది లోపలున్న పలుకు."

"పలుకు తినాలె గని, దాన్ని నేర్సుకునుడేంది?" అంది అత్తమ్మ.

మా ఇంట్లో కెర్నల్ గురించి పుట్టిన మొదటి ప్రశ్న అదే. తర్వాత నేనూ చాలా అడిగాను. నేను సర్కారు బడిలో పాతికేళ్లుగా లెక్కలు చెబుతున్న దాన్ని. తెలియనిది అడగడానికి సిగ్గుపడొద్దని రోజూ పిల్లలకు చెప్పి, ఇంట్లో నేనే నోరు మూసుకుని కూర్చుంటే ఏం బావుంటుంది?

కానీ నేను ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం పల్లికాయ కాదు. హైదరాబాద్‌లో జరిగిన ఒక సంగతి.

కిందటేడు ఆషాఢంలో మా అమ్మాయి హైదరాబాద్ వెళ్లి ఒక శిక్షణ సంస్థలో చేరింది. పేరు రాయను, అవసరం లేదు. ముప్పై మంది ఉన్న క్లాసులో అమ్మాయిలు ముగ్గురు. మూడో వారంలో, పుస్తకంలో ఉన్న ఒక చిన్న ప్రోగ్రామును ఉన్నదున్నట్టు టైపు చేస్తే అది నడవలేదు. తప్పు మీద తప్పు చూపించింది. నాలుగుసార్లు అక్షరం అక్షరం సరిచూసుకుని, ఐదోసారి లేచి అడిగింది, "సార్, పుస్తకంలో ఉన్నట్టే రాసిన. ఎందుకు పనిచేస్తలేదు?" అని. ఆయన తల కూడా ఎత్తకుండా, "చూసి రాయడమే రాకపోతే కెర్నల్ మీకెందుకమ్మా? టెస్టింగ్ కోర్సు నేర్చుకోండి, పెళ్లయ్యాక కూడా ఇబ్బంది ఉండదు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ నవ్విన వాళ్లల్లో ఎంతమందికి జవాబు తెలుసో ఆ దేవుడికే తెలియాలి!

రెండు వారాలు ఓపిక పట్టి, కట్టిన ఫీజు వదులుకుని, బ్యాగు సర్దుకుని జహీరాబాద్ బస్సెక్కి వచ్చేసింది. వచ్చిన రోజు ఏమీ చెప్పలేదు. మూడో రోజు రాత్రి వంటింట్లో గిన్నెలు తుడుస్తూ చెప్పింది.

అసలు సంగతి నెల తర్వాత తనే కనిపెట్టింది. తప్పు తనది కాదు, పుస్తకం పాతబడింది. లైనక్స్ అనే సిస్టం ఉంది కదా, మనందరి ఆండ్రాయిడ్ ఫోన్లలో లోపల ఉండే పలుకు అదే. అందులో లోపలి ఏర్పాట్లు ఏటేటా మారిపోతుంటాయి. బయటి ప్రోగ్రాములకు ఇచ్చిన మాట మాత్రం తప్పరు, నిన్న నడిచిన ప్రోగ్రాము రేపూ నడవాలి. లోపల మాత్రం గోడలు పడగొట్టి కట్టుకుంటూనే ఉంటారు. మా అమ్మాయి రాసిన ప్రోగ్రాములో "ఫైల్ ఆపరేషన్స్" అనే ఒక పట్టిక వాడాలని పుస్తకంలో ఉంది. ప్రాక్ అనే చోట ఆ పట్టిక బదులు "ప్రాక్ ఆప్స్" అనే వేరే పట్టిక వాడాలని 2020లో మార్చేశారు. పుస్తకం అంతకు ముందెప్పుడో అచ్చయింది. అంతే! ఒక్క వాక్యంలో చెప్పాల్సిన జవాబు. ఆ సారుకు తెలిసి చెప్పలేదో, తెలియకే దబాయించాడో.

కెర్నల్ నేర్చుకునే కొత్తవాళ్లకు ఎదురయ్యే మొదటి గుంత ఇదేనట. 2005లో వచ్చిన డ్రైవర్ల పుస్తకం, 2010లో వచ్చిన ఇంకో పుస్తకం ఇప్పటికీ అందరూ చదువుతారు. మంచివే. కానీ అందులో లెక్కలు అర్థం చేసుకోవాలి తప్ప, ఉన్నవున్నట్టు దించితే నడవవు. ఈ మాట ఎవరైనా ముందే చెబితే ఎంతమంది పిల్లలు "నాకు తెలివి లేదు" అనుకోకుండా ఉంటారో!

సరే, ఇంతకీ కెర్నల్ చేసే పనేమిటి? వంటింటి పోలికలు చెబితే తప్ప ఆడవాళ్లకు ఏదీ అర్థం కాదనుకునే వాళ్లంటే నాకు ఒళ్లు మంట. అందుకే బడి పోలిక చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు న్యాల్‌కల్ మండలంలో ఏకోపాధ్యాయ పాఠశాల ఇచ్చారు. ఒక్క గది, ఒక్క టీచరు, ఐదు తరగతులు. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దమని పలకలిచ్చి, మూడో తరగతి దగ్గరకు పోయి తీసివేతలు చెప్పి, అవి చేస్తుండగా ఐదో తరగతికి పాఠం అందుకుని, మళ్లీ ఒకటో తరగతికి వచ్చేదాన్ని. ఎవరి దగ్గర ఎక్కడ ఆపానో గుర్తు పెట్టుకోవాలి. లేకపోతే చెప్పిన లెక్కే మళ్లీ చెబుతాను. ప్రతి తరగతికీ టీచరు తమకే ఉన్నట్టు అనిపించాలి. కంప్యూటర్‌లో ప్రాసెసరు కూడా ఆ ఒక్క టీచరు లాంటిదే. పాట వినిపించేదొకటి, ఉత్తరం టైపు చేయించుకునేదొకటి, ఫొటో చూపించేదొకటి, ఇలా పదుల కొద్దీ ప్రోగ్రాములు కాచుక్కూర్చుంటాయి. కెర్నల్ ఒక్కోదానికి సెకనులో వెయ్యో వంతులు కొన్ని ఇచ్చి, అది ఎక్కడ ఆగిందో రాసిపెట్టుకుని, ఇంకోదాని దగ్గరకు పోతుంది. ఆ మార్పు మన కంటికి ఆనదు. ఇప్పటి ఫోన్లలో ఇట్లాంటి టీచర్లు ఎనిమిది మంది దాకా ఉంటారు, అది వేరే సంగతి. తరగతులు అప్పటికీ ఎక్కువే.

ఎవరికి ముందు అవకాశం ఇవ్వాలన్నది పెద్ద శాస్త్రమే. 2007 నుంచి 2023 దాకా లైనక్స్‌లో నడిచిన పద్ధతి పేరు వింటే నాకు ముచ్చటేసింది, "పూర్తి న్యాయం చేసే షెడ్యూలరు" అట. ఇప్పటిదాకా ఎవరికి అన్నిటికంటే తక్కువ సమయం దక్కిందో, వాళ్లకే ముందు ఛాన్సు. మన ఇళ్లల్లో అట్లాంటి షెడ్యూలరు పెడితే ముందుగా ఎవరి వంతు వస్తుందో నేను చెప్పక్కర్లేదు కదా!

మరి పాఠం నడుస్తుండగా మధ్యాహ్న భోజనం బియ్యం వచ్చిందనుకోండి. పాఠం ఆపి గుమ్మం దగ్గరకు పోయి, సంతకం పెట్టి, బస్తాలు మూలన వేయించి, వెంటనే వచ్చి పాఠం అందుకుంటాను. తూకం వేసుకోవడం, రిజిస్టరు రాసుకోవడం తర్వాత. గుమ్మం దగ్గరే కూర్చుని తూకం వేస్తే పిల్లలు గది పీకి పందిరేస్తారు. మనం కీబోర్డు మీద ఒక మీట నొక్కితే కెర్నల్‌కూ అచ్చంగా ఇట్లాగే పిలుపు వస్తుంది. దాన్ని ఇంటరప్ట్ అంటారు. గుమ్మం దగ్గర చేసే అత్యవసరమైన పని ఒక సగం, తర్వాత తీరిగ్గా చేసేది రెండో సగం. నిజంగానే వాటికి పై సగం, కింది సగం అని పేర్లు పెట్టుకున్నారు. ఆ పై సగంలో ఉండగా నిద్రపోయే పని ఏదీ చేయకూడదన్నది కొత్తవాళ్లకు మొదట చెప్పే నియమం. ఎందుకు అని నేనడిగితే మా అమ్మాయి కొంచెం ఆలోచించి, "అప్పుడు నువ్వు ఏ తరగతి టీచరువూ కాదమ్మా. గుమ్మంల ఉన్నవు. నిద్రపోతే నిన్ను ఎక్కడి నుంచి లేపి ఎక్కడికి పంపాలో ఎవరికీ తెల్వదు" అంది. లెక్కల టీచరుగా ఆ జవాబుకు పదికి తొమ్మిది వేశాను.

ఇంకో ప్రశ్న. మామూలు సీ భాషలో తెరమీద ఏదన్నా చూపించడానికి ప్రింటెఫ్ అని రాస్తారు. బీటెక్ పిల్లలందరికీ వచ్చు. కెర్నల్‌లో అది లేదు, ప్రింట్‌కే అని వేరే ఉంది. ఎందుకిట్ల? ప్రింటెఫ్ ఉండేది బయటి గ్రంథాలయంలో. ఆ గ్రంథాలయం చివరికి తన పని కోసం ఆశ్రయించేది కెర్నల్‌నే. ఇంట్లో ఉప్పు లేకపోతే కొట్టుకు పంపిస్తాం. ఆ కొట్టువాడే ఉప్పు కోసం మన ఇంటికి వస్తున్నాడనుకోండి, ఇంక మనమెక్కడికి పోతాం? అన్నీ ఇంట్లోనే చేసుకోవాలి. కెర్నల్ కింద ఇంకెవరూ లేరు. (చూశారా, తిరిగి తిరిగి వంటింటి పోలికకే వచ్చాను!)

కింద ఎవరూ లేరు కాబట్టే అక్కడ తప్పు చేస్తే దెబ్బ గట్టిగా తగులుతుంది. మామూలు ప్రోగ్రాములో తప్పుంటే ఆ ఒక్క ప్రోగ్రామే ఆగిపోతుంది. కెర్నల్‌లో తప్పుంటే మిషనంతా బిగుసుకుపోవచ్చు. తప్పు కాస్త చిన్నదైతే తెరమీద "ఊప్స్" అని వస్తుంది, మన అయ్యో లాంటిది. పెద్దదైతే "ప్యానిక్" అని వచ్చి అంతా ఆగిపోతుంది. మొదటిసారి ప్యానిక్ వచ్చిన రాత్రి మా అమ్మాయి ముఖం తెల్లబోయింది. లాప్‌టాప్ పాడయిందని, వాళ్ల నాన్నకు ఏం చెప్పాలని, లైటు ఆర్పి పడుకుంది. పొద్దున మళ్లీ వేస్తే శుభ్రంగా నడిచింది.

ఆ భయం చూసినప్పుడు నాకు మా పుట్టింటి కుట్టుమిషను గుర్తొచ్చింది.

నాకు పదేళ్లప్పుడు అమ్మ లేని సమయం చూసి మిషను మీద కూర్చుని తొక్కాను. సూది విరిగింది. ఒక్క సూది! అప్పట్లో ఎన్ని పైసలో నాకు తెలియదు గానీ, అమ్మ నా చెయ్యి మీద వేసిన దెబ్బ మాత్రం ఇప్పటికీ గుర్తుంది. మళ్లీ ఆ మిషను జోలికి పోలేదు. ఈ రోజుకీ జాకెట్టు కుట్టడం నాకు రాదు. అదే ఇంట్లో మా అన్నయ్య రేడియో ఊడదీశాడు. మంచం మీద దుప్పటి పరిచి, మరలన్నీ విప్పి వరుసగా పెట్టాడు. మళ్లీ బిగించడం చేతకాలేదు. ఆ రేడియో తర్వాత ఎప్పుడూ పలకలేదు. నాన్న ఏమన్నాడో తెలుసా? "వీడు ఇంజనీరవుతాడు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు! అన్నయ్య కరెంటు ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు, మంచివాడు. అతని మీద నాకేం కోపం లేదు. కానీ రేడియో పాడుచేసినవాడు ఇంజనీరు, సూది విరగ్గొట్టింది చేతకానిది, ఈ లెక్క ఎక్కడిది?

ఆడపిల్లలకు మనం జాగ్రత్త నేర్పుతాం. గాజు గ్లాసు జాగ్రత్త, మిక్సీ జాగ్రత్త, ఫోను జాగ్రత్త. బడిలో కూడా చూస్తుంటాను, సైన్సు గదిలో అబ్బాయిలు తీగలు కలిపి బల్బు మాడ్చేస్తుంటే, అమ్మాయిలు పక్కన నిలబడి పట్టిక నింపుతుంటారు. పట్టిక ఎంత చక్కగా నింపుతారో! మార్కులూ వాళ్లకే ఎక్కువ వస్తాయి. కానీ బల్బు ఎందుకు మాడిందో వాడికి తెలుస్తుంది, ఈ పిల్లకు తెలియదు.

కెర్నల్ పని నేర్చుకోవాలంటే మిషను కొన్ని వందలసార్లు ఆగిపోవాలి. వేరే దారి లేదు. ఒకే తాళాన్ని రెండుసార్లు వేసి, తనే తన కోసం ఎదురుచూస్తూ బిగుసుకుపోవడం అంటే ఏమిటో చదివితే తెలియదు, చేస్తే తెలుస్తుంది. అందుకే నేర్చుకునేవాళ్లు అసలు కంప్యూటరు ముట్టుకోకుండా, దాని లోపల ఒక ఉత్తుత్తి కంప్యూటరును పుట్టించుకుంటారు. క్యూఈఎంయూ అనే ప్రోగ్రాము ఆ పని చేస్తుంది, డబ్బులక్కర్లేదు. లోపలిది ఎన్నిసార్లు చచ్చినా బయటిది చెక్కుచెదరదు. ఈ ఏర్పాటు గురించి ఆ ఐదు వారాల్లో క్లాసులో ఎవరూ చెప్పలేదట! మొట్టమొదటి రోజు చెప్పాల్సిన మాట కదా అది.

మొదటి పాఠం కూడా చిన్నదే. ఒక బుల్లి మాడ్యూలు రాయడం, ఇన్స్‌మాడ్ అని ఆదేశమిచ్చి నడుస్తున్న కెర్నల్‌లోకి దాన్ని ఎక్కించడం, డీమెసేజ్ అని కొట్టి "నమస్కారం" అని అది రాసిన వాక్యం చూసుకోవడం, ఆర్ఎంమాడ్ తో దించేయడం. ఆ రోజు మా ఇంట్లో పాయసం వండాం. పిచ్చి అనుకోండి, ఏమైనా అనుకోండి.

లైనక్స్ లోపల మూడు కోట్లకు పైగా లైన్లు ఉన్నాయి. దాంట్లో ఒకేసారి దూకితే దారి తప్పుతారు. అమెరికాలో ఎంఐటీ వాళ్లు విద్యార్థుల కోసం 2006లో ఎక్స్‌వీ6 అనే బుల్లి కెర్నల్ తయారుచేసుకున్నారు, పదివేల లైన్లలోపే ఉంటుంది. దాని మీద వివరణ పుస్తకం కూడా ఉచితమే. మా అమ్మాయి దాన్ని జిరాక్సు తీయించి, సైడు బైండింగు వేయించుకుని, పక్కన పెన్సిలుతో తెలుగులో రాసుకుంటూ చదివింది. ప్రాసెస్ ఎట్ల పుడుతుంది, మెమరీ పేజీలు ఎట్ల పంచుతారు, ఇవన్నీ అందులో ఒక్కో అధ్యాయం. సీ భాషలో పాయింటర్లు బాగా వచ్చి ఉండాలి, కాస్త అసెంబ్లీ తెలిస్తే మేలు. 2022 డిసెంబరు నుంచి రస్ట్ అనే కొత్త భాషకు కూడా లైనక్స్‌లో చోటిచ్చారు గానీ, ముందు సీ వదలొద్దని మా అమ్మాయి అభిప్రాయం.

ఇప్పుడు మా ఊరి సంగతొకటి చెప్పాలి. జహీరాబాద్ అనగానే చాలామందికి బొంబాయి హైవే, ట్రాక్టర్ల ఫ్యాక్టరీ గుర్తొస్తాయి. నాకు మాత్రం మాచనూరు గుర్తొస్తుంది. ఝరాసంగం మండలంలో ఉన్న ఆ ఊళ్లో 2008 అక్టోబరులో సంఘం రేడియో మొదలైంది. పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల రేడియో అది. నడిపింది దళిత మహిళలు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ పేర్లు మీరూ వినే ఉంటారు. కొర్రలు, సామలు, పచ్చజొన్నలు పండించుకునే ఇళ్ల ఆడవాళ్లు మైకులు బిగించారు, రికార్డింగు మిషన్లు తిప్పారు. అదే సొసైటీ మహిళలు కెమెరాలు కూడా పట్టారు, 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడ్డారు, బీటీ పత్తి వేసిన వరంగల్ రైతుల కష్టం మీద సినిమా తీసి దేశమంతా చూపించారు. వాళ్లలో చాలామందికి చదువు రాదు.

వాళ్లకు అది ఎలా అబ్బింది? నాకు తోచింది ఇది. రేడియోకు లైసెన్సు రావడానికి ఏళ్లు పట్టింది. అప్పటిదాకా వాళ్లు ఊరికే కూర్చోలేదు. క్యాసెట్లలో రికార్డు చేసి, సంఘాల్లో కూర్చుని వినేవారు. క్యాసెట్టు సంగతి మన తరానికి తెలుసు కదా, తప్పొస్తే వెనక్కి తిప్పి దానిమీదే మళ్లీ రికార్డు చేసుకోవచ్చు. సూది విరిగిందని చెయ్యి మీద కొట్టేవాళ్లు లేరు. మాచనూరు వాళ్ల క్యాసెట్టు, మా అమ్మాయి ఉత్తుత్తి కంప్యూటరు, రెండూ ఒకటే నాకు. తప్పు చేయడానికి ఒక చోటు.

పోనీ పెద్దవాళ్లు మాత్రం తప్పులు చేయకుండా వచ్చారా? లైనక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయంలో ఇరవై ఒక్కేళ్ల విద్యార్థి. సరదాకి చేస్తున్నాను, పెద్దదేం కాదు అని చెప్పుకుంటూ మొదలుపెట్టాడు. ఇంట్లో వాళ్లెవరూ అతన్ని "ఇది మనకెందుకు బాబూ" అని లాక్కెళ్లినట్టు లేదు! అట్లా మొదలైన వాడే పెద్దయ్యాక, ఎవరైనా తప్పు రాసి పంపితే నోటికొచ్చినట్టు తిడతాడని పేరు తెచ్చుకున్నాడు. చివరికి 2018 సెప్టెంబరులో, తన మాటలు మనుషుల్ని గాయపరిచాయని ఒప్పుకుని అందరికీ క్షమాపణ చెప్పి, కొన్ని వారాలు పనికి సెలవు పెట్టాడు. ఆ నెలలోనే ఎలా మాట్లాడాలో ఒక నియమావళి కూడా పెట్టుకున్నారు. అంత పెద్దవాడు దిగొచ్చాడు, మన కోచింగు సార్లకు ఇంకా ఆ కబురు అందినట్టు లేదు.

ఔట్రీచీ అని ఒక కార్యక్రమం ఉంది. గ్నోమ్ అనే సంస్థలో ఆడవాళ్ల కోసం మొదలై, 2013లో లైనక్స్ కెర్నల్ కూడా అందులో చేరింది. మూడు నెలలు ఇంటి నుంచే పనిచేస్తూ నేర్చుకోవచ్చు, డబ్బులూ ఇస్తారు. ఎంపిక కావాలంటే ముందు చిన్న చిన్న సవరణలు రాసి పంపాలి. ఫ్రాన్సులో ఉండే జూలియా లావల్ అనే శాస్త్రవేత్త అలా వచ్చిన ఎంతోమందికి దగ్గరుండి నేర్పారు. కెర్నల్‌లో ఒకే రకం తప్పులు ఎక్కడెక్కడున్నాయో గాలించి సరిచేసే కాక్సినెల్ అనే సాధనం తయారుచేసింది ఆవిడ బృందమే. మన దేశం అమ్మాయిలు కూడా ఆ దారిన కెర్నల్‌లోకి వెళ్లారు. ఇవన్నీ మా అమ్మాయి చెబితే నాకు తెలిసినవి. ఆ శిక్షణ సంస్థలో చెప్పినవి కావు.

మావారి మాట కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆయన చెడ్డవారు కాదు. "తోటి పిల్లలందరూ నెలజీతాలు తెచ్చుకుంటున్నరు. మనది ఇంట్ల కూసుని మిషను ఆపుకుంట మొదలుపెట్టుకుంట ఉంది. ఎన్నాళ్లు?" అంటారు. అది తప్పు ప్రశ్నేం కాదు. వెబ్‌సైట్ల పని దొరికినంత సులువుగా కెర్నల్ పని దొరకదు. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి చిప్‌ల కంపెనీల ఆఫీసులు ఉన్నాయి, వాటికి ఈ పని తెలిసినవాళ్లు కావాలి. కానీ అక్కడ కొత్తవాళ్లకు తలుపు తీయడం తక్కువే. చెల్లెలు డిగ్రీలో ఉంది, ఇంటికి కట్టిన అప్పు ఉంది. ఈ సంగతులు మరచిపోయి "కలలు కనండి" అని రాసే రాతలు నాకు నచ్చవు. మొన్న బీదర్ నుంచి ఒక సంబంధం వచ్చింది. "అమ్మాయి ఏం చేస్తుంటుంది?" అని వాళ్లడిగితే ఈయనకు ఏం చెప్పాలో తోచక నా వైపు చూశారు. "చదువుకుంటోంది" అన్నాను. ఇంకా చదువేనా అన్నట్టు చూశారు వాళ్లు.

అబ్బాయిలు ఉద్యోగం రాక రెండేళ్లు ఖాళీగా ఉంటే ప్రిపేరవుతున్నాడు అంటాం. అమీర్‌పేటలో గది, మెస్సు, నెలనెలా డబ్బు పంపుతాం. గ్రూపులకు మూడోసారి రాస్తున్నా "పాపం కష్టపడుతున్నాడు" అంటాం. నా కూతురు ఇంట్లో తిని, పాత లాప్‌టాప్‌తో, కరెంటు ఖర్చుతో నేర్చుకుంటుంటే లెక్క అడుగుతాం. నేను కూడా అడిగాను, దాచను. జీతం పడ్డ రోజు ఒకసారి నోరు జారి, "నీ వయసుకు నేను ఇంటికి జీతం తెచ్చిన" అన్నాను. తను ఏమీ అనలేదు, ఆ రోజు అన్నం మాత్రం సగమే తింది. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నాకు వారం పట్టింది.

కడకు ఇంట్లో ఒక ఒప్పందానికి వచ్చాం. వచ్చే దసరా దాకా గడువు. అప్పటిదాకా సంబంధాల ఊసెత్తకూడదు, రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు దాకా తనను ఏ పనికీ పిలవకూడదు. పొద్దున పూట ఊళ్లో ఒక స్కూల్లో కంప్యూటరు పాఠాలు చెప్పి కొంత తను కూడా తెస్తుంది. దసరా దాటితే ఏ ఉద్యోగం దొరికితే అది చేస్తుంది, మిగతాది తర్వాత చూద్దాం. ఈ ఒప్పందం న్యాయమైనదేనా అంటే నాకు తెలియదు. అబ్బాయి అయితే గడువు పెట్టేవాళ్లమా అని రాత్రిళ్లు అనిపిస్తుంది. మీ ఇళ్లల్లో ఇట్లాంటి పిల్ల ఉంటే మీరేం చేస్తున్నారో రాయండి, నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది. కనీసం ఒక పాత కంప్యూటరును "ఇది నీది, ఏం చేసుకుంటావో చేసుకో, పాడైతే అడగను" అని ఇవ్వగలుగుతున్నామా?

పోయిన నెల మా అమ్మాయి కెర్నల్‌కు మొదటి సవరణ పంపింది. పెద్దదేం కాదు, ఒక డ్రైవరులో వివరణ వాక్యం తప్పుగా ఉంటే దిద్దింది. పంపే ముందు రెండు రోజులు కూర్చుని పదిసార్లు చదువుకుంది. అడుగున తన పేరుతో సంతకం వాక్యం పెట్టింది, ఈ పని నాదే, ఇచ్చే హక్కు నాకుందని చెప్పే వాక్యమట అది. నాలుగో రోజు పొద్దున జవాబు వచ్చింది. మావారు పేపరు పక్కన పెట్టి తనే వెళ్లి తెరమీదికి వంగి చూశారు.

"ఏమన్నరు? ఫెయిలా?"

"కాదు నాన్నా. దిద్దింది సరిగ్గానే ఉందట. పైన శీర్షిక రాసిన పద్ధతి తప్పట. సరిచేసి మళ్లా పంపమన్నరు. రెండో ప్రతి అని రాసి పంపాలె."

"మళ్లా తప్పయితే?"

"మూడో ప్రతి."

ఆయన కాసేపు అక్కడే నిలబడి, "చాయ్ తాగి రాయి" అని లోపలికి వచ్చారు.